యాభై రెండు మెట్లు

కోట్కా రేవులో మంచు ఇంకా గట్టిగానే ఉంది.
చంకలో ఫైలు, ఫైల్లో పదకొండు పేజీల ఫారం,
ఇల్మో రౌతియో ఉండేది మూడో అంతస్తు.
లిఫ్టు లేదు.
ఊళ్లో సగం భవనాలకు లిఫ్టులు బిగించిన మనిషి
లిఫ్టు లేని ఇంట్లో నలభై ఏళ్లుగా ఉంటున్నాడు.
అదేమిటని అడిగితే
"సాయంత్రం ఇంటికొచ్చాక కూడా
దాని మొహమే చూడమంటావా?" అంటాడు.

యాభై రెండు. నా మోకాలు లెక్క తప్పదు.

మొదటి పేజీ: స్నానం ఒంటరిగా చేయగలరా?
"ఆవిరిగదిలో కూర్చోవడం ఒక్కడి పనే.
లేవడం ఇద్దరి పని."
ఫారంలో రెండే గడులు, అవును, కాదు.
ఆయన జవాబు వాటి మధ్య గీత మీద పడింది.

మూడో పేజీ: మందులు.
వంటగది బల్ల మీద మాట్లాడే డబ్బా ఒకటి.
ఎనిమిదింటికి పిలుస్తుంది, మందు వేళయిందని.
"పలక్కపోతే మళ్లీ పిలుస్తుంది,
అదే గొంతు, అదే మర్యాద.
విసుక్కోదు. అదే నాకు విసుగు.
మా రౌని అయితే మూడోసారికి గరిటె విసిరేది."
రౌని కుర్చీ కిటికీ పక్కనే ఉంది.
దాని నిండా ఇస్త్రీ లేని చొక్కాలు.

ఇక నా వంతు. చెప్పాల్సినవన్నీ చెప్పాను.
ఇంటి సేవంటే రోజుకు నాలుగుసార్లు మనిషి వస్తుంది,
వచ్చినప్పుడల్లా పావుగంట,
బిగుతు మేజోళ్లు, ఇన్సులిన్, జావ,
బూట్లు విప్పి తొడుక్కునే వేళా అందులోనే.
ఏ రోజు ఎవరొస్తారో ముందు చెప్పలేం.
సేవాగృహమంటే మీ గది, మీ తాళం, మీ మంచం,
గోడకో ఎర్ర తాడు, లాగితే మనిషి.
రాత్రిళ్లు ముప్పై గదులకు ఇద్దరే,
అదీ చెప్పాను, దాచి ఏం లాభం.
పగటి కేంద్రమంటే మంగళవారం వ్యాను,
భోజనం, పేకాట, చీకటి పడేలోగా ఇల్లు.
ఖర్చు మీ పింఛనును బట్టి, మీ ఖర్చులను బట్టి...
అప్పుడు నా గొంతు నాకే వినబడింది.
అచ్చం ఆ డబ్బా గొంతు.

"ఒక సంగతి చెప్పు," అన్నాడు.
"రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే
ముందు చేయాల్సిందేమిటి?"
తలుపు తెరవాలన్నాను.
"తెరిస్తే కనిపించేది గోడ.
ముందు లోపలి మనిషితో మాట్లాడాలి.
పేరడగాలి. ఎటని అడగాలి, పైకా, కిందికా.
డెబ్బై ఆరులో నేను అడగలేదు.
చేత్తో తిప్పి ఒకావిడను ఆరో అంతస్తులో దించాను.
ఆవిడ వెళ్లాల్సింది కిందికి. చెల్లెలి పెళ్లట.
రైలు వెళ్లిపోయింది.
తిట్టలేదు. థాంక్స్ చెప్పింది.
అదే పోవడం లేదు నా తలలోంచి."

ఫారం మూసి, "ఎటు?" అన్నాను.

చాలాసేపు రేవు వైపు చూశాడు.
"రాత్రంటే భయం లేదు.
తెల్లవారుజాము నాలుగింటికి మెలకువొస్తుంది.
ఎనిమిది దాకా డబ్బా కూడా మాట్లాడదు."

నాలుగింటికి గడి లేదు.
పన్నెండో పేజీగా ఒక తెల్లకాగితం గుచ్చాను.
మంగళవారం వ్యాను ఖాయం చేసుకున్నాం.
మే నెలలో సేవాగృహంలో పది రోజులు ఉండి చూస్తాడట.
"అక్కడి లిఫ్టు నేను పెట్టిందే.
రెండో అంతస్తు దగ్గర మూలిగేది.
ఇంకా మూలుగుతోందేమో వినాలి."
నాలుగింటి సంగతి మాత్రం తేలలేదు.

దిగుతుంటే కనబడ్డాయి,
మలుపు మలుపుకో కుర్చీ, ఒకదానికొకటి పోలికలేనివి,
కాళ్ల కింద నేల గీసుకోకుండా రబ్బరు ముక్కలు.
ఆయన చేతిపనే.
ఎక్కేటప్పుడు పంతంలో చూసుకోలేదు.
కింది మలుపు కుర్చీలో ఎవరిదో రొట్టెల సంచి,
పసిపిల్ల ఊలు చేతితొడుగు, ఒక్కటే.
రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంకా పదిహేడు మెట్లున్నాయి.